పక్క స్థలం బాగుచేసినవారికి అయిదుకు నాలుగు

కోనసీమలో, కాలువ గట్టున మా ఇంటి పక్క ఖాళీ స్థలం హైదరాబాదులో ఉండే ఆసామిది. అందులోని పాములు, దోమలు మాత్రం మావి. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద నోటీసు అందాకే ఆయన ఈ పనివాళ్లను పెట్టారు.

నలుగురూ ఉదయం ఏడింటికే వచ్చి గుర్రపుడెక్క లాగి, తుమ్మ కొట్టి, పల్లాన్ని మెరక చేశారు. కొబ్బరి చిప్పలను ఒక్కొక్కటిగా ఏరి, నీళ్లు పారబోసిన ఓపిక నాకు నచ్చింది. చిప్పెడు నీళ్లలోనే డెంగీ దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదుగుతుంది. దానికి సరిహద్దు రాయి తెలియదు. ‘నా స్థలం, నా ఇష్టం’ అన్న ఆసామికి ఫోనులో మా మనవడి ప్లేట్‌లెట్ల లెక్క చదివి వినిపించాను.

ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, నరికిన కంపంతా మా గోడకే ఆనించి వెళ్లారు.