ప్రోటీన్ కాంటాక్ట్ అనాలిసిస్ చేసిస్తామనే ఆ సెంటర్‌కి డబ్బు కట్టకండి

డిజర్టేషన్ పనిలో ఉన్న ఎమ్మెస్సీ, ఎంటెక్ వాళ్ళందరికీ చెప్తున్నాను. రెసిడ్యూ కాంటాక్ట్ అనాలిసిస్ (ప్రోటీన్‌లో ఏ రెసిడ్యూ, అంటే ఏ అమైనో ఆమ్లం, దేన్ని తాకుతోందో చూసే లెక్క) చేసిపెడతామని మన బయోటెక్ వాట్సాప్ గ్రూపుల్లో తరచూ పోస్టర్ వేసే ఆ అమీర్‌పేట సెంటర్ ఉంది కదా, వాళ్ళకి ఒక్క పైసా కూడా కట్టకండి. ఎవరి గురించి అంటున్నానో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. నా 12,000 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, నిన్న సాయంత్రం ఫోన్‌లో ఆ సెంటర్ అతనన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

నా ప్రాజెక్ట్ హిమోగ్లోబిన్ మీద. పిడిబి అనే ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్‌లో దాని ఫైళ్ళు ఉంటాయి: ఆక్సిజన్ లేనప్పటి నిర్మాణం 2హెచ్‌హెచ్‌బి, ఆక్సిజన్ పట్టుకున్నప్పటిది 1హెచ్‌హెచ్‌ఓ. ఈ రెండింటిలో చెయిన్ల (అమైనో ఆమ్లాల గొలుసుల) మధ్య ఏ అమైనో ఆమ్లం దేన్ని తాకుతోంది, ఏ బంధం తెగుతోంది, ఏది కొత్తగా ఏర్పడుతోంది అన్నది పట్టికగా కావాలి. సబ్మిషన్ దగ్గరపడింది, ల్యాబ్‌లో సిస్టమ్‌లు ఖాళీ లేవు, బయటికి ఇచ్చాను. అడ్వాన్స్ కాదు, మొత్తం ముందే ఫోన్‌పే చేయించుకున్నారు.

రిపోర్ట్ వచ్చింది. రంగు బొమ్మలు, స్పైరల్ బైండింగ్, లావుగా ఉంది. లావు ఎందుకో పట్టిక తెరిస్తే తెలిసింది. 45వ రెసిడ్యూకీ 46వ రెసిడ్యూకీ కాంటాక్ట్, 46కీ 47కీ కాంటాక్ట్ అంటూ పేజీలకు పేజీలు. ఒకే చెయిన్‌లో వరసగా పక్కపక్కన ఉన్నవి పెప్టైడ్ బంధంతోనే కలిసి ఉంటాయి, అవి దగ్గరగా ఉండకుండా ఎక్కడికి పోతాయి? ఎవరైనా ముందు వాటిని తీసేసి లెక్క మొదలుపెడతారు. ఇంకో చోట వేలిన్‌కీ లూసిన్‌కీ మధ్య సాల్ట్ బ్రిడ్జ్ (ఎదురెదురు చార్జ్‌ల మధ్య బంధం) అని రాశారు. ఆ రెండు అమైనో ఆమ్లాల సైడ్ చెయిన్లకీ, అంటే పక్కకి పొడుచుకొచ్చే భాగాలకీ, చార్జే లేదు. ఆల్ఫా కార్బన్ల (ప్రతి అమైనో ఆమ్లంలోని నడిమి కార్బన్ల) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లో వంతు) లోపు ఉన్న ప్రతి జంటనీ ఏదో ఒక బంధం పేరు కిందికి తోసేశారు. సాల్ట్ బ్రిడ్జ్ అనాలంటే ఒక పక్క ఆస్పార్టేట్, గ్లుటమేట్ లాంటి వాటి ఆక్సిజన్, ఇంకో పక్క లైసిన్, ఆర్జినిన్ లాంటి వాటి నైట్రోజన్ ఉండాలి, ఆ రెంటి మధ్య సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే దూరం ఉండాలి. ఇది బయోకెమిస్ట్రీ మొదటి సెమిస్టర్ పాఠం.

ఇవన్నీ కూర్చుని సరిచేసుకోవచ్చు. అసలు ఘోరం కంపారిజన్ పట్టికలో ఉంది.

2హెచ్‌హెచ్‌బి ఫైల్లో నాలుగు చెయిన్లూ ఉంటాయి. ఎ, సి ఆల్ఫాలు, బి, డి బీటాలు. 1హెచ్‌హెచ్‌ఓ ఫైల్లో మాత్రం ఎ, బి రెండే ఉంటాయి. హిమోగ్లోబిన్ అక్కడ సగమైపోయిందని కాదు. ఆ స్ఫటికంలో రెండు సగాలూ (ఒక్కోదాంట్లో ఒక ఆల్ఫా, ఒక బీటా) అచ్చంగా ఒకేలా అమరి ఉంటాయి కాబట్టి, ఒక సగాన్ని ఫైల్లో పెట్టి, రెండో సగాన్ని ఎలా తిప్పి కట్టుకోవాలో రిమార్క్ 350 అనే భాగంలో అంకెలతో ఇస్తారు. అలా కట్టుకుంటేనే నిజంగా రక్తంలో ఉండే నాలుగు చెయిన్ల అణువు వస్తుంది, దాన్నే బయలాజికల్ అసెంబ్లీ అంటారు. వీళ్ళు కట్టలేదు. నాలుగు చెయిన్ల ఫైల్‌ని రెండు చెయిన్ల ఫైల్‌తో పోల్చి, రెండోదాంట్లో కనపడని ప్రతి కాంటాక్ట్ పక్కనా ‘ఆక్సిజన్ చేరాక తెగిపోయింది’ అని రాసిచ్చారు. సగానికి చింపిన పెళ్ళి ఫోటో చూసి పెళ్ళికొడుకు పెళ్ళికి రాలేదని చెప్పడం ఇది.

ఇందులో ప్రమాదం ఏంటంటే, పైపైన చూస్తే ఆ పట్టిక కరెక్ట్‌గానే కనిపిస్తుంది. ఆక్సిజన్ చేరితే సాల్ట్ బ్రిడ్జ్‌లు తెగుతాయని హిమోగ్లోబిన్ నిర్మాణం కనుక్కున్న మాక్స్ పెరుట్జ్ 1970లోనే చెప్పాడు, మనమంతా చదువుకున్నాం. ఆల్ఫా చివర ఉన్న ఆర్జినిన్ 141 రెండో ఆల్ఫాలోని ఆస్పార్టేట్ 126ని వదిలేస్తుంది. బీటా చివరి హిస్టిడిన్ 146 ఆల్ఫాలోని లైసిన్ 40ని వదిలేస్తుంది. వీళ్ళ పట్టికలో కూడా అవి తెగినట్టే ఉన్నాయి. కానీ అవి నిజంగా తెగినందుకు కాదు, అవతలి చెయిన్ ఫైల్లోనే లేనందుకు! జవాబు పుస్తకంతో కలిసింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నాకు అనుమానం వచ్చింది ఆస్పార్టేట్ 94 దగ్గర. ఆక్సిజన్ లేనప్పుడు ఒక సగంలోని ఆల్ఫా టైరోసిన్ 42 అవతలి సగంలోని బీటా ఆస్పార్టేట్ 99తో హైడ్రోజన్ బంధంలో ఉంటుంది. ఆక్సిజన్ చేరాక ఒక సగం రెండోదాని మీద దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది, ఆ బంధం పోయి ఆల్ఫా ఆస్పార్టేట్ 94కీ బీటా ఆస్పరజిన్ 102కీ మధ్య కొత్తది వస్తుంది. నా డిజర్టేషన్ మొత్తం ఈ మార్పిడి గురించే. ఆ పోయేది పట్టికలో ఉంది, ఆ వచ్చేది లేదు. కొత్తగా వచ్చినవి అన్న కాలమ్‌లో రెండు సగాల మధ్యవి ఒక్కటంటే ఒక్కటి లేవు. వాళ్ళ లెక్క ప్రకారం ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ రెండు ముక్కలుగా విడిపోయి తిరుగుతోందన్నమాట.

వెంటనే ఫోన్ చేశాను. సార్ అనే పిలిచాను, గొంతు కూడా పెంచలేదు.

“సార్, 1హెచ్‌హెచ్‌ఓలో రెండు చెయిన్లే తీసుకున్నారు, బయలాజికల్ అసెంబ్లీ కట్టలేదు.”

“ఫైల్లో ఎన్ని చెయిన్లుంటే అన్నే తీసుకుంటాం అమ్మా. కొత్తవి మేం పుట్టించాలా?”

రిమార్క్ 350 చూడమన్నాను. చెప్తుండగానే అడ్డొచ్చాడు.

“చూడమ్మా, నీ రిపోర్ట్ ఎవరు చదువుతారు? మీ గైడ్ చదవడు, ఎక్స్‌టర్నల్ అసలే చదవడు. బైండింగ్ చూస్తారు, సంతకం పెడతారు. ఇన్నేళ్ళుగా ఇస్తున్నాం, ఒక్కళ్ళు అడగలేదు. నీ ఒక్కదానికే వచ్చిందా డౌటు?”

మళ్ళీ చేసివ్వమంటే ఇంకో 5,000 అవుతుందని పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్.

ఎవరు చదువుతారట! నేను చదువుతాను. అది నా పేరుతో లైబ్రరీలో ఉంటుంది, వచ్చే ఏడాది ఏ జూనియరో తీసి అందులోని పట్టిక వాడుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఒక్కళ్ళూ అడగలేదంటే ఇలాంటి సగం అణువులు ఎన్ని డిజర్టేషన్లలో కూర్చున్నాయో తలుచుకుంటే కడుపు రగిలిపోతోంది. మా జూనియర్ ఒకమ్మాయి సికిల్ సెల్ మీద చేస్తోంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు పడుతున్న జబ్బు అది. తనూ వీళ్ళకే ఇవ్వబోయింది, ఆపాను. అందులో వాడే 2హెచ్‌బిఎస్ ఫైల్లో రెండు పూర్తి హిమోగ్లోబిన్ అణువులు, ఎనిమిది చెయిన్లు ఉంటాయి. ఒక అణువులోని బీటా వేలిన్ 6 వెళ్ళి పక్క అణువులోని ఫినైల్‌అలనిన్ 85, లూసిన్ 88 దగ్గర ఇరుక్కుంటుంది. జబ్బు మూలం ఆ కాంటాక్టే. అక్కడ నాలుగు చెయిన్లు చాల్లే అని ఒక్క అణువునే తీసుకుంటే అసలుదే మాయమైపోతుంది. అంటే ఒక ప్రోటీన్‌కి లేనిది కట్టుకోవాలి, ఇంకోదానికి ఉన్నదాన్ని వదలకూడదు. మనం అడిగే ప్రశ్న ఏంటో తెలియకుండా బటన్ నొక్కితే వచ్చే పని కాదు ఇది.

నా లెక్క నేనే మళ్ళీ చేసుకుంటున్నాను. పిడిబి సైట్‌లో బయలాజికల్ అసెంబ్లీ విడిగా డౌన్‌లోడ్‌కి ఉంటుంది, ఉచితం. ఒక్క జాగ్రత్త: పాత పిడిబి ఫార్మాట్‌లో తీసుకుంటే రెండో సగం మోడల్ 2 కింద వస్తుంది, చెయిన్ పేర్లు మళ్ళీ ఎ, బి అనే ఉంటాయి. మొదటి మోడల్ మాత్రమే చదివే ప్రోగ్రామ్‌కి ఇస్తే మళ్ళీ సగమే లెక్కిస్తుంది. అందుకే ఎమ్‌ఎమ్‌సిఐఎఫ్ అనే కొత్త ఫార్మాట్‌లో తీసుకోండి. నిర్మాణాలు చూసే సాఫ్ట్‌వేర్ కైమెరాఎక్స్ చదువుకునేవాళ్ళకి ఉచితమే, కాంటాక్ట్‌లూ హైడ్రోజన్ బంధాలూ అందులోనే వస్తాయి.

బయట ఇవ్వక తప్పని వాళ్ళు డబ్బు కట్టేముందు ఏ అసెంబ్లీ తీసుకుంటారో, ఏ బంధానికి ఎంత దూరం కటాఫ్ పెడతారో మెసేజ్‌లో రాయించుకోండి. వాడిన ఫైల్, స్క్రిప్ట్ కూడా ఇస్తామంటేనే కట్టండి, అదీ సగం. ఇప్పటికే వీళ్ళ దగ్గర తీసుకున్నవాళ్ళు పట్టికలో చెయిన్ల పేర్లు ఎన్ని ఉన్నాయో ఈరోజే లెక్కపెట్టుకోండి. నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కంప్లైంట్ పెడుతున్నాను, పేమెంట్ స్క్రీన్‌షాట్‌లు ఉన్నవాళ్ళు మీరూ పెట్టండి.