గుంటుపల్లి బౌద్ధ గుహలకు ఒకరోజు యాత్ర: చూపిన స్థలం గొప్పది, చూపిన తీరు సగమే

ఏలూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట మండలం జీలకర్రగూడెం వద్ద ఉన్న గుంటుపల్లి గుహలను విజయవాడకు చెందిన ఒక యాత్రా సంస్థ ఏర్పాటు చేసిన ఒకరోజు పర్యటనలో చూశాను. వాహనం, భోజనం విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఇలాంటి యాత్రకు వెల కట్టవలసింది సీటు మెత్తదనాన్ని బట్టి కాదు, కొండను ఎలా చూపించారన్నదాన్ని బట్టి.

క్రీస్తుపూర్వపు శతాబ్దాలలోనే భిక్షువులు ఎంచుకున్న ఈ చోట కొండే కట్టడమైంది. ఇసుకరాతి కొండల నడుమ లోయ, దాని అంచున భిక్షువుల నివాసానికి తొలిచిన విహారాలు, పైమెట్టున ఇటుకలతో కట్టిన ఆరాధనా మందిరమైన చైత్యం, దాని సమీపంలో భక్తులు మొక్కు తీర్చుకుంటూ నిలిపిన చిన్న చిన్న స్తూపాల వరుసలు: లోయలోంచి పైకి నడిచినవారికి ఏకాంత ధ్యానం నుంచి సామూహిక ఆరాధన దాకా ఒక వరుస కనిపిస్తుంది. మా వ్యాఖ్యాత మాత్రం ముందుగా, కొండలో తొలిచిన గుండ్రని ఆరాధనా గుహ దగ్గరే ఎక్కువసేపు నిలిపి, పైభాగాన్ని భోజనవేళ ముంచుకొస్తోందంటూ హడావిడిగా ముగించారు.

ఆ గుహ దగ్గర ఆయన చెప్పిన తీరు మాత్రం నిజంగా మెచ్చదగినది. సుమారు 18 అడుగుల వ్యాసమున్న ఆ గదిలో రాతి స్తూపం, దాని చుట్టూ మనిషి నడవగలిగినంత ప్రదక్షిణ మార్గం ఉన్నాయి. తల ఎత్తితే పూరింటి కప్పుకు వేసినట్టే వాసాలు నడినెత్తి నుంచి గోడల వైపు దిగుతాయి. అవన్నీ రాతిలో చెక్కినవే, కప్పు బరువును మోయవలసిన పని వాటికి లేదు. కొయ్యతో కట్టుకున్న ఆరాధనా గృహాన్ని రాతిలో శాశ్వతం చేయాలన్న ఆ పట్టుదలే, గుహ ముఖద్వారం మీది కమానులో బీహార్‌లోని లోమశ ఋషి గుహను తలపిస్తూ మళ్ళీ కనిపిస్తుంది. మహామేఘవాహన వంశపు రాజు సిరిసదుని లేఖకుడు ఇక్కడ మండపం దానం చేసినట్టు చెప్పే శాసనం గురించి కూడా ఆయన చక్కగా వివరించారు.

నాకు నచ్చనిది ఒక్కటే. గుహలోని ఈ స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారన్న సంగతిని ఆయన వాళ్ళ పొరపాటని కొట్టిపారేశారు. బౌద్ధం తరలిపోయాక కూడా ఆ రాతి చుట్టూ ప్రదక్షిణ ఆగలేదంటే, అది ఈ స్థలచరిత్రలో చిన్న విషయం కాదు. పైగా గుహను ఊరివాళ్ళు మరచిపోకుండా నిలిపింది ఆ పూజే కావచ్చు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. తెల్లవారుజామునే బయలుదేరదీసి, పైమెట్టుకు కనీసం గంట కేటాయిస్తే నాలుగున్నర ఇవ్వడానికి అభ్యంతరం లేదు. మెట్లు ఎక్కువే కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు ఎండ ముదరకముందే ఎక్కడం మేలు. నీళ్ళు వెంట ఉంచుకోవాలి.