గడ్డిచామంతి గింజల ఫొటోలకు రేనాక్స్ డీసీఆర్-250

ఎండి విచ్చుకున్న గడ్డిచామంతి తల రెండు సెంటీమీటర్ల వెడల్పుంటే గొప్ప. మాక్రో లెన్స్ కొనకుండా దాన్ని ఫ్రేము నిండా తీయాలంటే రేనాక్స్ డీసీఆర్-250 సరిపోతుంది. ఇది మామూలు లెన్స్ ముందు తగిలించే +8 డయాప్టర్ల (గాజు పవర్ కొలత) క్లోజప్ లెన్స్. దీంతో వచ్చే క్లిప్పును 52 నుంచి 67 మి.మీ. థ్రెడ్ (ముందంచు మరల వెడల్పు) ఉన్న ఏ లెన్స్‌కైనా తగిలించొచ్చు. 49 మి.మీ. అయితే చిన్న థ్రెడ్‌ను పెద్దది చేసే స్టెప్‌అప్ రింగు విడిగా కొనాలి.

దీనికి సరిజోడు 55-250 మి.మీ. లాంటి టెలీ జూమ్ (దూరపువాటిని దగ్గరకు లాగే లెన్స్). ఫోకస్ ఇన్ఫినిటీలో (అతి దూరానికి) ఉంచి జూమ్ 125 దగ్గర పెడితే సెన్సార్ మీద బొమ్మ అసలు సైజులో పడుతుంది. 250కి లాగితే రెండింతలు. అప్పుడు గింజ కుచ్చులో ఒక్కో పోచకీ ఈకలా ఉన్న నూగు కూడా తెలుస్తుంది. జూమ్ మార్చినా లెన్స్ నుంచి గింజకు దూరం మారదు, దాదాపు 12 సెం.మీ. 18-55కి మాత్రం తగిలించకండి: 55 దగ్గర కూడా సగం సైజు రాదు, వైడ్‌లో మూలలు నల్లబడతాయి.

ఒంటి గాజుతో చేసిన చవక క్లోజప్ ఫిల్టర్లు తెల్ల కుచ్చుల అంచున ఊదారంగు పూస్తాయి. ఇందులో మూడు గాజులున్నాయి కాబట్టి ఆ బెడద చాలా తక్కువ. డబ్బు పెట్టాల్సింది ఇందుకే.

అసలు చిక్కు ఫోకస్. అసలు సైజులో ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11 పెట్టినా దాదాపు అర మిల్లీమీటరు లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది. ఎఫ్/16 దాటిస్తే బొమ్మంతా మెత్తబడుతుంది. ఆటోఫోకస్ ఆపేసి కెమెరానే ముందుకూ వెనక్కూ జరపండి. గుండ్రటి తలను పక్కనుంచి తీస్తూ కాడ ఉన్న వరసకు ఫోకస్ చేస్తే చుట్టూ అంచు కుచ్చులన్నీ పదునుగా పడతాయి. కాడను పుల్లకు ఆనించి బట్టల క్లిప్పు పెట్టండి. ఊపిరి తగిలినా గింజలు ఎగిరిపోతాయి, జాగ్రత్త! వెలుగు వెనకనుంచి వస్తే కుచ్చులు మెరుస్తాయి, కానీ ఎండ నేరుగా గాజు మీద పడితే బొమ్మ వెలిసిపోతుంది. చెయ్యి అడ్డం పెట్టండి. వెనక నల్లగుడ్డ ఉంటే ఎక్స్‌పోజర్ -0.7 నుంచి -1 దాకా తగ్గించాలి, లేకపోతే తెలుపులో వివరమే మిగలదు. మంచు ఆరాకే తీయాలి, తడికి కుచ్చులు అంటుకుపోతాయి.

జిల్లేడు దూది గింజలకైతే డీసీఆర్-250 మరీ ఎక్కువ. వాటికి +4.8 డయాప్టర్ల డీసీఆర్-150 తీసుకోండి, 20 సెం.మీ. దూరం నుంచే తీయొచ్చు. కాయ తెంపేటప్పుడు పాలు కంట్లో పడనీయకండి.