మాకో, ఫాస్, మలీషస్: ఏ మాట మేలు?

పక్కింట్లో గొడవ వినపడగానే టీవీ సౌండ్ తగ్గించి, కర్టెన్ కాస్త జరిపి చూసే మనిషిని ట్రినిడాడ్‌లో 'మాకో' అంటారు. జమైకా, గయానాల్లో అలాంటి మనిషిని 'ఫాస్' అంటారు. బార్బడోస్‌లో అయితే 'మలీషస్'. ఇరుగుపొరుగు సంగతులన్నీ తనకే కావాలనుకునేవాళ్ల కోసం కరీబియన్ దీవుల్లో, ఆ పక్క తీరంలో పుట్టిన మాటలివి. వీటిలో ఏది మేలంటే నా ఓటు మాకోకే.

ఆ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. మనిషీ మాకోయే, ఆ మనిషి చేసే పనీ మాకోయే. ఆ గుణం ముదిరితే 'మాకోషస్'. మనకు ఆరా తీయడం, కూపీ లాగడం ఉన్నాయి గానీ, ఆ మనిషిని పిలవడానికి ఇంత పొట్టి పేరు నాకు తోచడం లేదు. ఇంకో సుగుణం, ఇందులో కళ్లూ చెవులదే ప్రధాన పాత్ర. చూసింది పదిమందికి మోసేవాళ్లకు అక్కడ 'న్యూస్ క్యారియర్' అని వేరే పేరుంది. చూసినవాళ్లంతా చాడీలు మోయరు కదా, ఆ తేడాను పాటించడం న్యాయంగా అనిపిస్తుంది.

దీని పుట్టుక ఫ్రెంచ్ 'మాక్రో'లో ఉంది. ఆ మాటకు ఒక రకం చేప అనీ, తార్పుడుగాడు అనీ రెండర్థాలు. 1783లో, అప్పట్లో ఆ దీవిని ఏలుతున్న స్పెయిన్ రాజు క్యాథలిక్కులకు భూములిస్తామని పిలవడంతో ఫ్రెంచ్ దీవుల తోటల యజమానులు తమ బానిసలతో ట్రినిడాడ్‌కు తరలివచ్చారు. 1797లో దీవి బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లినా, వీధుల్లో ఫ్రెంచ్ నుంచి పుట్టిన పాత్వా భాష చాలాకాలం నిలిచింది. ఫ్రెంచ్ దీవి మార్టినిక్‌లో ఈ మాటకు తోబుట్టువు 'మాక్రెల్' ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఫాస్ అంటే ఇంగ్లీషు 'ఫాస్ట్'లో చివరి 'ట' రాలిపోయిన రూపం. దానికి వేగంతో పనిలేదు, పిలవని పేరంటానికి వెళ్లి వేలు పెట్టడమే. జీతమెంత, పెళ్లెప్పుడు అని అడిగేవాళ్ల ముఖం మీద అనడానికి మాత్రం మాకో కంటే ఇదే బాగా అతుకుతుంది. మాకో చాటున ఉండి చూస్తాడు, ఫాస్ ఎదురుగా వచ్చి అడుగుతాడు.

మలీషస్‌ను మాత్రం చివరన పెడతాను. మామూలు ఇంగ్లీషులో దానికి కీడు తలపెట్టే బుద్ధి అని అర్థం. బార్బడోస్ మనిషి పక్కింటావిడను ఆ మాట అంటే, ఆవిడకు ఆసక్తి ఎక్కువని మాత్రమే. కొత్తగా వెళ్లినవాళ్లు ఆవిడను చూసి భయపడతారు.