బ్లడ్ క్యాన్సర్ పేషెంట్‌కి కోవిడ్ వస్తే పాక్స్‌లోవిడ్ మాత్రలా, రెమ్డెసివిర్ సెలైనా, ఏది మేలు?

ఈ ప్రశ్న నాకు వాట్సాప్‌లో ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. కోవిడ్ అంటే ఇప్పుడెవరికీ లెక్కలేదు, జలుబు చేసింది అనుకుని ఒక డోలో వేసుకుని ఆఫీసుకి వెళ్లిపోతున్నారు, కానీ ఇంట్లో లింఫోమానో సీఎల్ఎల్లో మైలోమానో, ఇలా ఏదో ఒక రకం బ్లడ్ క్యాన్సర్ ఉన్న మనిషి ఉంటే మాత్రం ఆ కిట్ మీద రెండు గీతలు కనపడగానే గుండె జారిపోతుంది. జారిపోవడంలో తప్పు కూడా లేదు. నేను హాస్పిటల్ ఫార్మసీలో క్యాన్సర్ మందులు చూసే మనిషిని కాబట్టి మందుల వైపు నుంచే చెప్తా. చీటీ రాసేది మీ హెమటాలజిస్టే (రక్త వ్యాధుల డాక్టర్), ఆయన్ని ఏం అడగాలో తెలిస్తే పని తొందరగా అవుతుంది, అంతే.

రిస్క్ ఎంత అనేదాని మీద ఎక్కువ సాగదీయను. 2020లో వేర్వేరు దేశాల నుంచి మూడు వేల పైచిలుకు బ్లడ్ క్యాన్సర్ పేషెంట్ల లెక్కలు కలిపి చూశారు, ఎక్కువమంది ఆస్పత్రిలో చేరినవాళ్లే, పిల్లల్ని పక్కనపెడితే, పద్దెనిమిది దాటినవాళ్లలో దాదాపు 34 శాతం మంది చనిపోయారు. అది టీకాలు లేని కాలం, ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు. కానీ బ్లడ్ క్యాన్సర్ అని అందర్నీ ఒకే గాట కట్టకూడదు. సీఎంఎల్ అనే రకం ఉండి, దానికి ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ కౌంట్లు (రక్తకణాల లెక్కలు) బాగున్న మనిషి వేరు, పోయిన నెలే రిటుక్సిమాబ్ ఎక్కించుకున్న మనిషి వేరు. రిటుక్సిమాబ్ బీ సెల్స్‌ని తుడిచిపెట్టేస్తుంది, యాంటీబాడీలు తయారుచేసే వంశమే అది. 2021లో ఇజ్రాయెల్‌లో సీఎల్ఎల్ పేషెంట్లకి ఫైజర్ టీకా రెండు డోసులు వేసి చూస్తే మొత్తమ్మీద యాంటీబాడీలు వచ్చినవాళ్లు 40 శాతం కూడా లేరు, అందులో గత ఏడాదిలో రిటుక్సిమాబ్ లాంటి మందు పడ్డవాళ్లలో ఒక్కరికీ రాలేదు. అలాగని టీకా దండగ అనుకోవద్దు, టీ సెల్స్ అనే ఇంకో రకం రక్షణ కణాల పని వేరే ఉంటుంది, అవి ఎంతో కొంత కాపాడతాయి. కాకపోతే ఇలాంటివాళ్లకి టీకా ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చుంటే కుదరదు, పాజిటివ్ రాగానే వైరస్‌ని కొట్టే మందు పడాలి, అంటే పాక్స్‌లోవిడ్ మాత్రలో రెమ్డెసివిర్ సెలైనో. అక్కడి నుంచే ఈ గొడవంతా.

పనితనంలో రెండూ రెండే. అధిక రిస్క్ ఉండి టీకా వేయించుకోనివాళ్లలో చేసిన ట్రయల్స్‌లో, మూడ్రోజుల్లోపు మొదలుపెట్టిన పాక్స్‌లోవిడ్ ఆస్పత్రి పాలవడాన్నీ చావునీ కలిపి 89 శాతం తగ్గించింది, మూడు రోజుల రెమ్డెసివిర్ 87 శాతం తగ్గించింది. రెండూ వేర్వేరు ట్రయల్స్, పక్కపక్కన పెట్టి తూచినవి కావు, కాబట్టి 89 పెద్దదా 87 పెద్దదా అని వాదించుకోవడంలో అర్థం లేదు.

మరి తేడా ఎక్కడ? నా దృష్టిలో ఒకే ఒక్క చోట ఉంది. ఆ మనిషి ఇప్పుడు క్యాన్సర్‌కి ఏం మందు వాడుతున్నాడు అనే దగ్గర.

పాక్స్‌లోవిడ్ అట్ట చేతిలోకి తీసుకుంటే పొద్దుటి పూట వైపు రెండు గులాబీ రంగు మాత్రలు, ఒక తెల్ల మాత్ర ఉంటాయి, రాత్రి వైపు మళ్లీ అంతే. వైరస్‌ని పట్టేది గులాబీ మాత్ర, నిర్మాట్రెల్విర్. తెల్లది రిటోనావిర్, పాత హెచ్ఐవీ మందు, దానికి ఇక్కడ కోవిడ్‌తో సంబంధం లేదు, లివర్‌లో మందుల్ని కరిగించి బయటికి పంపే ఎంజైముని ఆపేసి గులాబీ మాత్ర రక్తంలో ఎక్కువసేపు ఉండేలా చూడటమే దాని డ్యూటీ. బాగానే ఉంది, కానీ ఆ ఎంజైము ఆ ఒక్క మందునే కాదు కదా కరిగించేది, మీ నాన్నగారు సీఎల్ఎల్‌కి వేసుకునే ఇబ్రూటినిబ్ కూడా అదే దారిలో పోవాలి, వెనెటోక్లాక్స్ అనే ఇంకో బ్లడ్ క్యాన్సర్ మాత్రదీ అదే దారి, ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు ఇమ్యూనిటీని అణచడానికి వేసుకునే టాక్రోలిమస్ కూడా అదే. దారి మూస్తే ఇవన్నీ రక్తంలో పేరుకుపోతాయి. టాక్రోలిమస్ అయితే మామూలు డోసుకే కిడ్నీల్ని దెబ్బతీసేంత పెరిగిపోతుంది. వెనెటోక్లాక్స్ ఇంకా డోసు పెంచుకుంటూ పోయే మొదటి వారాల్లో ఉంటే ఈ రెండూ కలవనే కూడదు, క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలి పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి పోటెత్తుతాయి, అది ప్రాణం మీదకొచ్చే వ్యవహారం. లింఫోమా కీమోలో ఇచ్చే విన్‌క్రిస్టిన్‌కీ ఇదే ఇబ్బంది, నరాలు తిమ్మిరెక్కడం, పేగు కదలిక ఆగిపోవడం ఎక్కువవుతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటారే, అచ్చం అదే.

ఈ మధ్య ఒకమ్మాయి అడిగింది, "అన్నా, గొడవంతా ఆ తెల్ల మాత్రతోనే కదా, అది తీసేసి గులాబీవి మాత్రమే ఇస్తే సరిపోదా?" అని. తెలివైన ప్రశ్నే, కానీ కుదరదమ్మా, తెల్లది లేకపోతే గులాబీది తొందరగా కరిగిపోయి వైరస్‌ని ఆపేంత మోతాదు రక్తంలో నిలవదు.

ఇంకో దారి ఉంది, ఆ ఐదు రోజులూ క్యాన్సర్ మందు ఆపడం. డాక్టర్లు చేస్తారు కూడా, ఇబ్రూటినిబ్ ఆపి, పాక్స్‌లోవిడ్ అయ్యాక రిటోనావిర్ ప్రభావం దిగడానికి ఇంకో రెండు మూడు రోజులు చూసి మళ్లీ మొదలుపెడతారు. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం ఇబ్రూటినిబ్ ఆపిన కొద్ది రోజులకే గడ్డలు ఉబ్బి జ్వరం వస్తుంది, అప్పుడది కోవిడ్ జ్వరమా సీఎల్ఎల్ జ్వరమా తేల్చుకోలేక ఇంట్లోవాళ్లూ డాక్టరూ తలలు పట్టుకోవాలి. టాక్రోలిమస్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం అయితే రక్తంలో లెవెల్ చూసుకుంటూ చేయాల్సిన పని, ఇంట్లో కూర్చుని చేసేది కాదు. వీటికి తోడు అరవై దాటినవాళ్లకి ఎటూ ఉండే అటార్వాస్టాటిన్, ఆమ్లోడిపిన్, రక్తం పలచబడే మాత్రలు, వీటిలో ప్రతిదాని సంగతీ విడిగా చూడాల్సిందే.

రెమ్డెసివిర్‌కి ఈ బాధ దాదాపు లేదు. మొదటిరోజు 200 మిల్లీగ్రాములు, తర్వాత రెండ్రోజులు వందేసి, సెలైన్‌లో కలిపి అరగంట నుంచి రెండు గంటల్లో ఎక్కిస్తారు, తర్వాత ఒక గంట కూర్చోబెట్టి చూస్తారు. లివర్ టెస్టులు చూసుకోవాలి. కిడ్నీ సంగతి ఇంకో ప్లస్, మైలోమావాళ్లలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) పెరిగి ఉండటం మామూలే, పాక్స్‌లోవిడ్‌కి ఆ లెక్కన డోసు తగ్గించాలి, రెమ్డెసివిర్‌కి డోసు మార్చక్కర్లేదని మందుల్ని అనుమతించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఒప్పుకుంది. ఏడు రోజుల్లోపు మొదలుపెట్టినా పర్లేదు, మాత్రలకైతే ఐదు రోజులే గడువు.

రెమ్డెసివిర్ అనగానే మనవాళ్ల మొహం మారిపోతుంది, 2021 ఏప్రిల్, మే గుర్తొస్తాయి, వయల్ కోసం బ్లాకులో వేలకు వేలు పోసి తెచ్చినా మనిషి దక్కని ఇళ్లు ఎన్నో. పనికిరాని మందు కదా అది అంటారు. మందు అదే గానీ వేసిన టైము తప్పు. అప్పుడు ఆక్సిజన్ మీదకొచ్చాక, పది పన్నెండు రోజులు గడిచాక ఎక్కించాం, అప్పటికి ఊపిరితిత్తుల్ని నాశనం చేసేది వైరస్ కంటే ఒంట్లో లేచిన మంట. ఇప్పుడు మాట్లాడేది మొదటి వారం సంగతి, వైరస్ పెరుగుతున్న వారం. పైగా బీ సెల్స్ లేని మనిషికి వైరస్‌ని సొంతంగా అణిచే శక్తి తక్కువ, కాబట్టి మొదట్లో వైరస్‌ని కొట్టే మందు విలువ వాళ్లకే ఎక్కువ.

రెమ్డెసివిర్ మైనస్ ఒక్కటే, తిరగాలి. మూడ్రోజులు వరసగా డేకేర్‌కి పోవాలి, కీమో పడి పడి చేతి నరాలు దొరకనివాళ్లకి సూది గుచ్చడం ఒక నరకం (కీమో కోసం ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టే పోర్ట్ ఉంటే బాధ లేదు), ఆ డేకేర్‌లో పక్క బెడ్ మీద కూడా కౌంట్లు పడిపోయిన పేషెంటే ఉంటాడు కాబట్టి కోవిడ్ పేషెంట్‌ని అందరి మధ్యా కూర్చోబెట్టరు, విడిగా గది ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఏజెన్సీ ఊళ్లనుంచో, హైదరాబాద్‌కి ఐదారు గంటల దూరం నుంచో వచ్చేవాళ్లకి ఇది మాటల్లో అన్నంత ఈజీ కాదు, వాళ్లకి అడ్మిట్ చేసి ఇవ్వడమే నయం.

కాబట్టి నన్నడిగితే, ట్రీట్‌మెంట్ అయిపోయి రెమిషన్‌లో (జబ్బు అణిగిపోయి) ఉన్నవాళ్లు, వేచి చూద్దాం అని మందు లేకుండా ఉన్న సీఎల్ఎల్‌వాళ్లు, మైలోమాకి వాడే లెనలిడోమైడ్ లాంటి, ఆ ఎంజైముతో పనిలేని మందు మీద ఉన్నవాళ్లు మాత్రలే వేసుకోవచ్చు, అయినా బీపీ, గుండె మందుల లిస్టు మొత్తం చూపించాకే. ఇబ్రూటినిబ్, దాని కోవకే చెందిన అకలాబ్రూటినిబ్, వెనెటోక్లాక్స్, టాక్రోలిమస్, విన్‌క్రిస్టిన్ వీటిలో ఏ పేరున్నా నా ఓటు సెలైన్‌కే. మా ఇంట్లో మనిషైనా అదే చెప్తా.

మోల్నుపిరావిర్ అనే ఇంకో కోవిడ్ మాత్ర గురించి కూడా అడుగుతారు. ట్రయల్‌లో ఆస్పత్రి పాలవడాన్నీ చావునీ కలిపి 30 శాతమే తగ్గించింది, మందులతో గొడవ లేదన్నదొక్కటే దాని గొప్ప, 2022 జనవరిలో ఐసీఎంఆర్ కూడా సేఫ్టీ అనుమానాలు చెప్పి జాతీయ ట్రీట్‌మెంట్ లిస్టులో పెట్టలేదు. మిగతా రెండూ దొరకని చోటే. ముందుగానే వేసుకునే యాంటీబాడీ ఇంజెక్షన్లలో ఎవుషెల్డ్ కొత్త వేరియంట్ల మీద పనిచేయక 2023 జనవరిలో అమెరికాలో పక్కన పెట్టేశారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రం ఆక్సిజన్ బాగున్నప్పుడు కోవిడ్ కోసమని ఎవరో చెప్పారని మింగించకండి, ఆ దశలో అది మేలు చేయదు, కీడు చేయొచ్చు కూడా.

అమెరికా వచ్చే తల్లిదండ్రుల గురించి అడిగినవాళ్లకి ఒక మాట. అక్కడ పాక్స్‌లోవిడ్ ఫార్మసిస్ట్ కూడా రాసివ్వొచ్చని 2022లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, అదీ కిడ్నీ, లివర్ రిపోర్టు, వాడే మందులన్నిటి వివరం చూపిస్తేనే. ఇండియా నుంచి దిగిన నాన్నగారి రికార్డు అక్కడి సిస్టంలో ఉండదు. అందుకే బయల్దేరే ముందు తీయించిన క్రియాటినిన్, లివర్ టెస్టు కాగితం, మందుల పేర్లు బ్రాండ్‌లో కాకుండా జనరిక్‌లో రాసిన చీటీ, ఆఖరి రిటుక్సిమాబ్ ఎక్కించిన తేదీ, ఈ మూడూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉన్నా విశాఖలో ఉన్నా ఇదే పని, ఆదివారం రాత్రి డ్యూటీ డాక్టర్‌కి మీ కేసు తెలియదు.

ఏ మందు వాడినా కోర్సు అయిపోయిందని వదిలేయకండి. రిటుక్సిమాబ్ పడ్డవాళ్లలో వైరస్ వారాల తరబడి ఒంట్లో ఉండిపోవచ్చు, తగ్గింది అనుకున్నాక మూడో వారంలో సన్న జ్వరం, దగ్గు మళ్లీ మొదలైతే వాతావరణం మారింది అని సరిపెట్టుకోకుండా ఆర్టీపీసీఆర్, ఛాతీ సీటీ చేయించాలా అని అడగండి. అలాంటివాళ్లకి మందు ఎక్కువ రోజులు ఇవ్వడం, రెండూ కలిపి ఇవ్వడం కూడా డాక్టర్లు చేస్తున్నారు.