జపాన్ లోషన్లు, సన్‌స్క్రీన్లు, మస్కారా: ఏళ్ల తరబడి వాడాక

భారతీయులు ఎక్కువగా ఉండే టోక్యోలోని నిషికాసాయిలో మేం కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న క్రీములు అయిపోయాక, ఇంటి పక్క మందుల దుకాణంలో దొరికేవే కొనడం మొదలుపెట్టాను. ఇక్కడి మందుల దుకాణాల్లో జ్వరం మాత్రలకన్నా ముఖానికి రాసుకునే వాటికే ఎక్కువ అరలు కేటాయిస్తారు. ఇప్పుడు నా అద్దం ముందున్న వాటిలో కాటుక, కొబ్బరినూనె తప్ప దాదాపు అన్నీ జపాన్‌వే. నాది చామనఛాయ. నుదురు, ముక్కు జిడ్డుగా ఉంటాయి, చలికాలంలో బుగ్గలు పొడిబారతాయి. కింద నేను మెచ్చుకున్నవీ వద్దన్నవీ ఈ చర్మాన్ని బట్టే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ముఖం శుభ్రం చేసుకోవడానికి, తేమ నిలుపుకోవడానికి, ఎండ నుంచి కాపాడుకోవడానికి, కళ్ల అలంకరణకు జపాన్ సరుకు నిశ్చింతగా కొనవచ్చు. ఫౌండేషన్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇక సీసాలు, పౌచ్‌లు, మూతల విషయంలో వీళ్లు పెట్టే శ్రద్ధ, ఇంత తక్కువ ధరకు దొరికే వస్తువుల్లో నేను మరెక్కడా చూడలేదు.

నేను ఎక్కువ కాలంగా వాడుతున్నది హడా లాబో గొకుజ్యున్ లోషన్. దీన్ని తయారుచేసే రోహ్తో, 1899లో ఒసాకాలో మొదలైన మందుల కంపెనీ. కంటి చుక్కల మందులకు పేరు. బహుశా అందుకేనేమో సీసాలో ఆడంబరం కనిపించదు. తెల్ల ప్లాస్టిక్ సీసా, దాని మీద నాలుగు అక్షరాలు, అంతే. లోపల ఉన్నది హైయలురోనిక్ ఆమ్లం కలిపిన చిక్కని ద్రవం. సువాసన లేదు, రంగు లేదు. ముఖం కడుక్కుని తడి పూర్తిగా ఆరకముందే రెండు మూడు చుక్కలు అరచేతుల్లో వేసుకుని బుగ్గల మీద మెల్లగా అదమాలి. రుద్దకూడదు. కాసేపు చర్మం చేతికి అంటుకుంటున్నట్టు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఒక సంగతి గమనించాను. గాలిలో తేమ ఉన్న వేసవిలో ఇదొక్కటే సరిపోతుంది కానీ, టోక్యో జనవరి పొడిగాలికి దీని మీద పాలలాంటి లోషనో క్రీమో రాయకపోతే గంటలో బుగ్గలు మళ్లీ బిగుసుకుపోతాయి. హైయలురోనిక్ ఆమ్లం నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీరు గాలిలోకి పోకుండా ఆపే పని మాత్రం నూనెలూ క్రీములదే. విజయవాడ ఉక్కలో ఉండేవాళ్లకు ఆ రెండో పూత అక్కర్లేదు.

సీసాలో పట్టేది 170 మి.లీ. అది ఖాళీ అయితే మళ్లీ సీసా కొనాల్సిన పని లేదు. అంతే పరిమాణంతో పౌచ్ దొరుకుతుంది, ధర సీసాకన్నా తక్కువ. మొదటిసారి పౌచ్ తెచ్చినప్పుడు వంటింటి గట్టు మీద గుడ్డ పరిచి, కత్తెర, గరాటా సిద్ధం చేసుకున్నాను. రెండూ అక్కర్లేకపోయాయి. పౌచ్ మూల ఒకటి సన్నని ముక్కులా ఉంటుంది. అక్కడ చింపడానికి గాటు, ఎటు చింపాలో బాణం గుర్తు. చింపితే ఆ ముక్కు సీసా మూతిలో ఇమిడిపోతుంది. పౌచ్‌ను ఒక చేత్తో పట్టుకుని వంచితే చుక్క కూడా బయట పడకుండా దిగుతుంది. చివర్న పౌచ్‌ను అడుగు నుంచి చుట్టుకుంటూ వస్తే మిగిలిన కాస్తా వచ్చేస్తుంది. ఇక్కడ షాంపూ, సబ్బునీళ్లు, బట్టల సబ్బు ద్రవం అన్నీ ఇలాంటి పౌచ్‌లలోనే అమ్ముతారు కాబట్టి వీటి తయారీలో వీళ్ల చెయ్యి బాగా తిరిగింది. ప్లాస్టిక్ పూర్తిగా తప్పిందని అనలేను. పౌచ్ పొరలు పొరలుగా ఉంటుంది, దాన్ని మళ్లీ వాడుకోవడం తేలిక కాదు. అయినా సీసా బరువుతో పోలిస్తే పౌచ్ బరువు ఎంత!

స్నానాల గదిలో ఉండే సీసాల గురించి చెప్పకుండా ఉండలేను. తలస్నానం చేసేటప్పుడు కళ్లు మూసుకునే ఉంటాం. షాంపూ ఏదో కండిషనర్ ఏదో వేళ్లకు తెలియాలి. చూపు లేనివాళ్లకైతే ప్రతి రోజూ అదే సమస్య. 1991లో కావో కంపెనీ తన షాంపూ సీసాల పక్కన వరుసగా చిన్న గాట్లు పెట్టింది. కండిషనర్ సీసాను నున్నగా వదిలేసింది. ఆ ఆలోచనను తన సొంతం చేసుకోకుండా మిగతా కంపెనీలన్నీ వాడుకునేలా వదిలిపెట్టింది. అందుకే ఇప్పుడు ఇక్కడ దాదాపు ఏ కంపెనీ షాంపూ కొన్నా ఆ గాట్లు చేతికి తగులుతాయి. తర్వాత ఒంటి సబ్బు ద్రవం సీసాలకు ఒక నిలువు గీత వచ్చింది. ఇంత గొప్ప పని ఏ ప్రకటనలోనూ కనిపించదు, వేలికి మాత్రమే తెలుస్తుంది.

మేకప్ తొలగించే నూనెల మీద కూడా ఇలాంటి ఉపకారమే ఒకటి ఉంది. తడి చేతులతో వాడవచ్చా లేదా అన్నది సీసా ముందువైపే రాసి ఉంటుంది. ఇక్కడివాళ్లు ముఖం కడుక్కునేది ఎక్కువగా స్నానాల గదిలోనే కాబట్టి అది అడగాల్సిన ప్రశ్నే. పొడి చేతులతో వాడాల్సిన నూనెను తడి చేతుల్లోకి తీసుకుంటే ముఖానికి తగలకముందే పాలలా మారిపోయి మస్కారాను వదిలించదు. పొడి ముఖం మీద నూనె రాసి నెమ్మదిగా తిప్పాలి, కొద్దిగా నీళ్లు చల్లి పాలలా మారేదాకా మళ్లీ తిప్పాలి, ఆ తర్వాతే కడగాలి. ఈ మధ్య దశను వదిలేసేవాళ్లే ‘నూనె వాడితే మొటిమలు వచ్చాయి’ అంటుంటారు. నాకు బాగా కుదిరింది ఫ్యాంకెల్ నూనె. 1980లో మొదలైన ఈ కంపెనీ, నిల్వ రసాయనాలు లేని సాధనాలను తొలి రోజుల్లో 5 మి.లీ. చిన్న సీసాల్లో అమ్మేది. పాడయ్యేలోపే వాడేయాలన్నది ఆలోచన. కంపెనీ పేరు నిలబెట్టింది ఆ సీసాలే.

ఇక సన్‌స్క్రీన్. జపాన్ నుంచి ఒక్కటే తెచ్చుకోమంటే ఇదే తెచ్చుకోమంటాను. మనవాళ్లలో చాలామంది సన్‌స్క్రీన్ మానేయడానికి కారణం దాని జిడ్డు, తెల్లగా కనిపించే పూత. కావో వారి బియోరే యూవీ ఆక్వా రిచ్ వాటరీ ఎసెన్స్ రాస్తే నీళ్లు రాసుకున్నట్టే ఉంటుంది. చామనఛాయ మీద కూడా తెలుపు కనిపించదు. ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి మంట పుట్టే సున్నితమైన చర్మం వాళ్లు ముందు చెవి వెనక రాసి చూసుకోవాలి. ధర వెయ్యి యెన్ల దరిదాపుల్లో, అంటే మన డబ్బుల్లో ఆరు వందల లోపు. చెమట బాగా పట్టే రోజుల్లో షిసేడో వారి అనెస్సా వాడతాను. బంగారు రంగు సీసాలో పాలలా ఉంటుంది. లోపల గోళీ ఒకటి ఉంటుంది, టకటకమని చప్పుడయ్యేలా బాగా కుదిపాకే పోసుకోవాలి. కుదపకపోతే పైన తేరిన నూనె వేరుగా, కింద దిగిన పొడి వేరుగా వచ్చి రక్షణ సరిగా ఉండదు.

ట్యూబు మీది గుర్తులు చదవడం నేర్చుకుంటే డబ్బు వృథా కాదు. ఎస్‌పీఎఫ్ అన్నది ఎండకు చర్మం ఎర్రబడి కమిలిపోకుండా ఉండే రక్షణ. ఇక్కడ 50+ కన్నా పెద్ద అంకె వేయరు. పీఏ అన్నది చర్మాన్ని నల్లబరిచే, ముడతలు తెచ్చే యూవీఏ కిరణాల నుంచి రక్షణ. దాని పక్కన ప్లస్‌లు ఎక్కువైనకొద్దీ రక్షణ ఎక్కువ. 1996లో జపాన్‌లోనే పుట్టిన ఈ గుర్తుకు 2013లో నాలుగో ప్లస్ చేరింది. 2022 చివర నుంచి నీటికి తట్టుకునే శక్తిని కూడా నక్షత్రాలతో చూపుతున్నారు, రెండు నక్షత్రాలైతే ఎక్కువ. ఏ అంకె నిజం కావాలన్నా మాత్రం ధారాళంగా రాయాలి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకుంటాను. అలా రాస్తే ట్యూబు నెల రోజులకు మించి రాదు. ఒకే ట్యూబుతో ఏడాది గడిపామనేవాళ్లు ఎండలో రక్షణ లేకుండా తిరిగినట్టే.

రంగు వేసిన సన్‌స్క్రీన్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ముఖం వెలుగుతున్నట్టు కనిపించడానికి లేత ఊదా, గులాబీ ఛాయలు కలిపినవి ఇక్కడ విరివిగా అమ్ముతారు. మన ఛాయ మీద అవి బూడిద పూసినట్టు కనిపిస్తాయి.

మచ్చలకు వాడేవాటి సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. జపాన్‌లో మందుకూ మామూలు సౌందర్య సాధనానికీ నడుమ ప్రభుత్వం గుర్తించిన మరో వర్గం ఉంది. ట్రానెక్సామిక్ ఆమ్లం, కొన్ని రకాల విటమిన్ సి లాంటి పదార్థాలున్న సాధనాలు ఆ వర్గంలో వస్తాయి. మచ్చలు రాకుండా చూడడం వాటి పని, మనిషి రంగు మార్చడం కాదు. మన ఇళ్లలో ఇంకా పెళ్లిచూపుల కోసం క్రీములు తెప్పించుకునేవాళ్లున్నారు కాబట్టి ఇది తెలిసి ఉండాలి. ఆ మధ్య వర్గంలోనూ ప్రమాదం జరిగింది. రోడోడెనాల్ అనే పదార్థం వాడినవాళ్లలో కొందరికి చర్మం మీద బొల్లిలా తెల్లమచ్చలు రావడంతో 2013 జులైలో కానెబో కంపెనీ 54 రకాల ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకుంది. జపాన్‌దన్న ఒక్క కారణంతో దేన్నీ ముఖానికి రాయకూడదన్న నా అభిప్రాయం ఈ సంగతి తెలిశాకే గట్టిపడింది. నేను వాడేది రోహ్తో వారి మెలానో సీసీ ఒక్కటే. సన్నని ముక్కున్న చిన్న ట్యూబు, ఒక్కో చుక్కే వస్తుంది. గాలి తగిలితే విటమిన్ సి చెడిపోతుంది కాబట్టి ఇలాంటి దానికి వెడల్పు మూతి డబ్బా పెట్టకపోవడమే సరైన పని. పాత మొటిమల మచ్చలు నెలల మీద నెమ్మదిగా తేలికపడ్డాయి.

మేకప్‌కు వస్తే, మందుల దుకాణాల్లో ఫౌండేషన్ అర ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు నిరాశే. ఛాయలకు ఓకర్ 10, 20, 30 అని పేర్లుంటాయి. వాటిలో ముదురు అనుకున్నది కూడా నాకు రెండు మెట్లు తెలుపు. అంతర్జాతీయంగా అమ్మే పెద్ద శ్రేణుల్లో ముదురు ఛాయలున్నా అవి మామూలు దుకాణాల్లో దొరకవు. ఇన్ని కోట్ల మంది చామనఛాయ మనుషులు కొనగల వస్తువును ఇంత చక్కని డబ్బాలో పెట్టి, లోపల మాత్రం మాకు చోటివ్వకపోవడం బాధగానే ఉంటుంది. పౌడర్ డబ్బాల్లో ఒక మంచి పద్ధతి ఉంది. అద్దమున్న డబ్బా వేరుగా, లోపలి బిళ్ల వేరుగా అమ్ముతారు. డబ్బా పాడయ్యేదాకా బిళ్ల మార్చుకుంటే చాలు. తక్కువ ధరకు దొరికే క్యాన్‌మేక్ మార్ష్‌మాలో పౌడర్‌కు కూడా ఈ సదుపాయం ఉంది. కొనేటప్పుడు పెట్టె మీద బిళ్ల ఒక్కటేనా, డబ్బాతో సహానా అన్నది చూసుకోండి.

మస్కారాలో మాత్రం వీళ్లకు సాటి లేరు. హీరోయిన్ మేక్ లాంగ్ అండ్ కర్ల్ అట్ట మీద, పెద్ద కళ్లలో నక్షత్రాలు మెరుస్తున్న బొమ్మల పుస్తకపు రాకుమారి ఉంటుంది. అర ఎంత నిండుగా ఉన్నా ఆమె కళ్లు మనల్ని ఆపేస్తాయి. మే నెలలో విజయవాడలో మా పిన్ని కూతురి పెళ్లికి దీన్నే వేసుకున్నాను. ఎండ, ఉక్కపోత, మంటపంలో హోమం పొగ, చివరికి అప్పగింతల్లో కన్నీళ్లు. పక్కనున్న వాళ్ల కళ్ల కింద నల్లచారలు దిగాయి, నా కనురెప్పలు పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తీయడానికి మాత్రం దీనికోసమే అమ్మే రిమూవర్ కావాలి. సబ్బుతో రుద్దితే రెప్పవెంట్రుకలు ఊడతాయి.

దీన్ని తయారుచేసే ఇసెహాన్, 1825లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కుసుమ పువ్వు నుంచి పెదవులకు పూసే ఎరుపు తీసి అమ్మిన దుకాణంగా మొదలైంది. మన తెలంగాణలో నూనె గింజల కోసం పండించే ఆ కుసుమే. రేకుల్లో ఎక్కువగా ఉండేది పసుపు రంగు, దాన్ని కడిగేశాక మిగిలే కాస్త ఎరుపే విలువైనది. టోక్యో మినామి అవోయామాలోని వాళ్ల మ్యూజియంలో ఆ ఎరుపును పూసిన చిన్న పింగాణీ గిన్నెను చూశాను. ఆరిన పూత ఎర్రగా లేదు! ఆకుపచ్చగా, బంగారు పురుగు రెక్కలా మెరుస్తోంది. తడి కుంచె తగిలితేనే ఎరుపు తేలుతుంది. ఆ గిన్నెలో పూసిన పెదవి రంగును ఇప్పటికీ అమ్ముతున్నారు. ఖరీదు ఎక్కువ, నేను కొనలేదు. పాత్రే సగం అందం అనే పద్ధతి వీళ్లకు ప్లాస్టిక్ రాకముందు నుంచే ఉందని ఆ గిన్నె చూస్తే అర్థమవుతుంది.

జిడ్డు ముఖాలవాళ్లు క్యోటోలోని యోజియా కాగితాలు కూడా చూడండి. బంగారు రేకులు కొట్టే పనిలో వాడిన కాగితం జిడ్డును బాగా పీలుస్తుందని తెలిసి పుట్టిన వస్తువు ఇది. చిన్న పుస్తకంలా ఉంటుంది, చేసంచిలో పడేయవచ్చు.

ఈ సాధనాలు ఊరికి తీసుకెళ్లినప్పుడల్లా మా పిన్ని ఒకటే అడుగుతుంది. “ఏమ్మా, దీని మీద గడువు తేదీ ఎక్కడా లేదేమిటి?” ఆమె అడిగింది న్యాయమే. జపాన్ చట్టం ప్రకారం తెరవకుండా మూడేళ్లకు పైగా నిలిచే సాధనాల మీద తేదీ వేయనక్కర్లేదు, తయారీ గుర్తు సంఖ్య మాత్రమే ఉంటుంది. అందుకే తెరిచిన రోజే సీసా అడుగున పెన్నుతో నెల రాసిపెడతాను. సన్‌స్క్రీన్‌ను మరుసటి వేసవికి దాచను, మస్కారాను మూడు నాలుగు నెలలకే పారేస్తాను.

మన దేశంలో కొనేవాళ్లు డబ్బా మీద దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న చీటీ చూసి కొనండి. ఒకే పేరుతో ఒక్కో దేశానికి ఒక్కో రకం తయారుచేయడం మామూలే కాబట్టి పదార్థాల జాబితా కూడా పోల్చుకోండి. జపాన్ నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకుంటే నా వరుస ఇది: ముందు సన్‌స్క్రీన్, తర్వాత మస్కారా, దాని రిమూవర్, ఆపైన లోషన్ పౌచ్. లోషన్ 100 మి.లీ. దాటుతుంది కాబట్టి విమానంలో చేతి సంచిలో అనుమతించరు. పౌచ్‌ను జిప్ కవరులో పెట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య సర్దమని చెప్పండి.