నడకా, యోగానా? స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఏది మేలు?

నెల్లూరులో మానసిక రోగుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. స్కిజోఫ్రీనియా అంటే లేని గొంతులు వినిపించడం, అనుమానాలు పీడించడం లాంటివి ఉండే మానసిక జబ్బు. డిశ్చార్జి రోజు తల్లులు అడిగే మొదటి ప్రశ్న "మాత్రలు ఎన్నాళ్ళు?". రెండోది "మావాణ్ణి నడిపించేదా సిస్టర్, యోగాకు పంపేదా?" మొదటిదానికి డాక్టరుగారే చెప్పాలి. రెండోదానికి నేను చెప్తాను. ఏది చేసినా మాత్రలతో పాటే, మాత్రలు మానేసి కాదు.

కాగితం మీద గెలిచేది యోగానే. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ జబ్బున్న 61 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు యోగా, ఇంకో గుంపుకు మామూలు వ్యాయామం నేర్పి, నాలుగు నెలల తర్వాత చూశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. జబ్బు లక్షణాలు తగ్గడంలోనూ, నలుగురిలో మెలగడంలోనూ యోగా గుంపే ముందుంది.

అయినా నేను ముందు నడకే చెప్తాను. అక్కడ నేర్పేవాళ్ళున్నారు, ఇంటిదగ్గర ఎవరుంటారు? అనుమానాలు పీడించే మనిషికి కొత్తవాళ్ళ మధ్య చాప పరుచుకుని కూర్చోవడమే టెన్షన్. కొందరికి మందుల వల్ల కాళ్ళు ఒకచోట నిలవవు, వాళ్ళను పద్మాసనం వేయమంటే శిక్షే (ఇలా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి). నడకకు చెప్పులుంటే చాలు. పైగా ఈ జబ్బుకిచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు ఆకలిని, బరువును పెంచుతాయి, షుగరు కూడా రావచ్చు. తిని పడుకునే మనిషిని కదిలించాలి.

ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అంటారు. కాదు, జబ్బే ఉత్సాహాన్ని తినేస్తుంది. "పో, నడువు" అంటే లేవరు. "అంగడికి పోతున్నా, తోడు రా" అంటే లేస్తారు, రోజూ కాకపోయినా. పది నిమిషాలతో మొదలుపెట్టండి. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అక్కడికి మెల్లగా చేరొచ్చు. తెల్లారి ఐదింటికి లేపకండి, రాత్రి మాత్ర మత్తు అప్పటికి వదలదు. పొద్దు వాలాక పెన్నా గట్టున గాలి బాగుంటుంది. మే నెలలో మన ఎండ సంగతి తెలిసిందే. ఈ మందులు వాడేవారి ఒళ్ళు వేడిని సరిగా తట్టుకోలేదు, నీళ్ళ సీసా చేతికివ్వండి.

జిమ్మా? హోరెత్తే పాటలు, చుట్టూ అద్దాలు. చెవిలో గొంతులు వినిపించే మనిషిని మొదటే అక్కడికి పంపను.

నడక రెండు మూడు నెలలు నిలబడ్డాక యోగా చేర్చండి. ఆసనాలు చాలు. కళ్ళు మూసుకుని గంటలకొద్దీ ధ్యానం వద్దు, కొందరికి ఆ గొంతులు ఎక్కువవుతాయి. వంగి లేచేటప్పుడు నిదానం, బీపీ పడి కళ్ళు తిరగొచ్చు. నేర్పే మాస్టారుకు జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషినే అడిగి తేల్చుకోండి.